నీలం మీద గురి

చిత్తూరులో తోతాపురి దిగే నెలల్లో
నా బొటనవేలు గుజ్జు ఫ్యాక్టరీది.
బెల్టు మీద కదిలే కాయను ఒక్క నొక్కు నొక్కితే
మురిగిందో మాగిందో అదే చెప్తుంది.
పక్కనున్న మూడు వేళ్లు నావి.
వాటితోనే తాడు లాగుతాను.
బొటనవేలు అరచేతిలో ముడుచుకుని
ఊరికే పడుకుంటుంది,
షిఫ్టు దిగిన మనిషిలాగా.

తెల్లారి నాలుగున్నరకి
బెల్లం మండీ వెనక ఖాళీ జాగా.
దొరసామి సారు మొదటి మూడు నెలలూ
రంగుల కాగితం చూపించనే లేదు.
ఐదడుగుల దూరంలో గడ్డిమోపు.
కళ్లు మూసుకో, లాగు, వదులు.
"యాడ తగిలింది సార్?"
"తగిలిన సంగతి గడ్డి చూసుకుంటుంది.
నీ మోచెయ్యి యాడుందో అది చెప్పు ముందు."
రోజుకి రెండొందల సార్లు.
వానొస్తే మా వసారాలో
కిటికీ ఊచకి సైకిల్ ట్యూబు కట్టి.
గడ్డం మీద తాడు ఒరుసుకున్న గీత
ఇప్పుడు పౌడరు రాసినా దాగదు.

గురి అంటే
పిట్ట కన్ను తప్ప ఇంకేమీ కనబడకపోవడం అంటారు.
నాకట్లా కుదరదు.
నాకు చెట్టు కావాలి, కొమ్మ కావాలి,
కొమ్మ చివర ఆకు ఎటు తిరుగుతోందో కావాలి,
కంపకి తగులుకున్న ప్లాస్టిక్ కవరు
ఉబ్బిందా, చప్పబడిందా,
అన్నీ చూసుకున్నాక
ఒక్కోదాన్నీ ఇంటికి పంపిస్తాను.
చివరికి కన్ను కూడా మిగలదు.
క్లిక్కరు పలకబోయే
ఒక చిన్న టిక్,
దానికి ముందున్న ఖాళీ.

తిరుపతి బస్సులో కండక్టరు
విల్లు పెట్టెని కాలితో లోపలికి తోసి
"ఏంది మే, వీణా?" అన్నాడు.
"ఒకటే తీగన్నా."
పూతలపట్టు దాటేదాకా నవ్వతానే ఉన్నాడు.

సెలెక్షన్ల రోజు పొద్దున గాలి మంచిదే.
మధ్యాహ్నం మూడింటికి కొండ దిగింది,
మొక్కు తీర్చుకున్న జనంలాగా
తోసుకుంటూ, తప్పిపోతూ, ఒకరినొకరు కేకేసుకుంటూ.
డెబ్బై మీటర్ల అవతల చిన్న జెండాలు
ఒకటి ఇటు, ఒకటి అటు.
నా బాణాలు వరసగా ఎడమకి.
ఒకటి ఎరుపులో, ఒకటి నీలంలో.
సైటు జరుపుదామంటే మర అరిగి జారిపోతోంది.
ఇంకా మూడు బాణాలు. రెండు నిమిషాలు.
వెనక దొరసామి సారు దగ్గాడు. అంతే.

నాలుగేళ్లుగా పసుపు మీద కూర్చోబెట్టిన గురిని
కుడివైపు నీలం మీదికి లేపాను.
తెలిసి తెలిసి తప్పు చోటుని
చెయ్యి వణక్కుండా
అంత నమ్మకంగా చూడడం
ఏ గడ్డిమోపూ నేర్పలేదు.
కాయ పచ్చగానే కనబడుతున్నా
లోపల మాగిందని వేలు చెప్పినప్పుడు
కంటిని పక్కన పెడతాను చూడండి,
అట్లా.

టిక్. తొమ్మిది.
టిక్. పది.
మూడోది వేళ్లు దాటిన క్షణాన
గాలి ఊపిరి బిగబట్టింది.
బాణం నేను చూసిన చోటికే,
నీలంలోకే, గీత గీసినట్టు పోయి దిగింది.
నా జన్మలో అంత సరిగ్గా ఎప్పుడూ కొట్టలేదు.
ఆరు పాయింట్లు.

ఒక్క పాయింటుతో సత్యవేడు హంసవేణి జట్టులోకి పోయింది.

సాయంత్రం మైదానం చివర
పొద్దున గడ్డిలో దూరిన బాణం వెతుకుతున్నాను.
బాణం అంటే మూడు షిఫ్టుల కూలి.
హంసవేణి వచ్చి బూట్లు విప్పింది.
"కళ్లతో కాదు, కాళ్లతో చూడు," అంది.
కాసేపు ఆగి
"గాలి ఆగతాదని నేనూ అనుకోలేదు మే," అంది.
ఇద్దరం గడ్డిని అరికాళ్లతో దువ్వుతున్నాం.
కొండ మీద దీపాలు వెలుగుతున్నాయి.
నా కాలి బొటనవేలికి
సన్నగా, చల్లగా ఏదో తగిలింది.
తీసి చూస్తే ఎర్ర ఈకలు.
నాది కాదు, తనదీ కాదు.
ఎప్పటిదో, ఎవరిదో.
తుడిచి పెట్టెలో పెట్టి
మళ్లీ వంగాం.